వణుకు జబ్బులో దాచుకునే బాధ

మా మొహల్లా మసీదులో ఫజ్ర్ నమాజుకు అందరికంటే ముందు వచ్చే పెద్దాయన ఒకరున్నారు. మొదటి సఫ్‌లో కుడివైపు స్తంభం పక్కన ఆయన చోటు. ఏళ్ల తరబడి ఆ చోట మరొకరు నిలబడగా మేము చూడలేదు. కొన్నేళ్ల క్రితం ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. హైదరాబాదులో చూపిస్తే పార్కిన్సన్ జబ్బు అన్నారు. మాత్రలతో చెయ్యి కొంత కుదుటపడింది. అయినా కొన్ని నెలలకు ఆయన మొదటి సఫ్ వదిలి చివరి సఫ్‌కు, తలుపు పక్కకు మారారు. తర్వాత జుమాకు మాత్రమే వచ్చేవారు. ఆ తర్వాత జుమాకూ రావడం మానేశారు.

మోకాళ్ల నొప్పి కాబోలు అనుకున్నాం. ‘వయసు మీద పడింది కదా’ అన్నారు కొందరు. ఒక రోజు అసర్ తర్వాత ఆయన ఇంటికి వెళ్లాం. కోడలు చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. పక్కనే ఉన్న నీళ్ల గ్లాసు కూడా అలాగే ఉంది. ‘పొద్దుటి నుంచి ఒక్క గ్లాసు నీళ్లయినా పూర్తిగా తాగలేదు, మౌల్వీ సాబ్! మీరైనా చెప్పండి’ అని ఆ అమ్మాయి లోపలికి వెళ్లింది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నారు: ‘మౌల్వీ సాబ్, నా వుజూ నిలవడం లేదు. రుకూకు వంగితే చుక్క పడుతోంది. అల్లాహ్ ఇంటిని పాడుచేయడం ఇష్టంలేక మానేశాను. నీళ్లు తాగకపోతే తగ్గుతుందేమోనని చూస్తున్నాను.’

మేము సిగ్గుపడ్డాం. ఇలాంటి మనిషి నమాజు గురించి ఫిఖ్హ్ గ్రంథాలలో ఒక అధ్యాయమే ఉంది. దానిని మేము మద్రసాలో పాఠంగా చదివాం, పిల్లలకు పాఠంగా చెప్పాం. మా పక్కన నిలబడే మనిషికే అది అవసరమైందని మాత్రం గ్రహించలేకపోయాం. మసలా చెప్పి వచ్చాం. కానీ నీళ్ల సంగతి గట్టిగా చెప్పలేదు. వారం తిరగకముందే ఆయనకు జ్వరం వచ్చింది. రాత్రివేళ ఇంట్లో వాళ్లనే గుర్తుపట్టక ఏదేదో మాట్లాడారు. ఆసుపత్రికి తీసుకువెళితే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. ఒంట్లో నీరు తగ్గిపోయిందని కూడా డాక్టర్లు చెప్పారు. ఆ రోజులలో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఇలాంటి పెద్దాయనలు, ఇలాంటి అమ్మలు మన ఇళ్లలో ఇంకా ఎందరో ఉన్నారు.

వణుకు ఒక్కటే కాదు

ఈ జబ్బును మొదట వివరంగా రాసినవాడు లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్. 1817లో ఆరుగురు రోగులను ఆధారం చేసుకుని చిన్న పుస్తకం రాశాడు. వణుకు గురించే కాదు, రోగుల పేగులు మందగించడం గురించి, జబ్బు ముదిరినవారికి మలమూత్రాలు అదుపు తప్పడం గురించి కూడా అందులో రాశాడు. అంటే ఇది రెండు వందల ఏళ్ల క్రితమే వైద్యులకు తెలిసిన సంగతి. తెలియనిదల్లా మన ఇళ్లలోనే. బాక్సింగ్ వీరుడు ముహమ్మద్ అలీకి 1984లో ఈ జబ్బు ఉన్నట్టు తేల్చారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆయన జ్యోతి వెలిగించినప్పుడు వణికే చేతిని ప్రపంచమంతా చూసింది. వణుకు అందరి కంటా పడుతుంది. దాని వెనుక ఉండే మిగతా బాధలు ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోతాయి.

మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మూత్రాశయం కొంత నిండగానే ‘ఇంకా ఆగు’ అని దానిని అదుపులో ఉంచేది మెదడే. డోపమైన్ తగ్గితే ఆ అదుపు సడలుతుంది. మూత్రాశయం సగం నిండకముందే ముడుచుకుంటుంది. అందువల్ల మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది. వచ్చిందంటే ఆపుకోలేరు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది. కాళ్లు తొందరగా కదలవు, పైజామా నాడా విప్పడానికి వేళ్లు సహకరించవు. చేరేలోపే బట్టలు తడుస్తాయి.

పేగుల సంగతి మరింత లోతైనది. పేగులను నడిపించే నరాలకు కూడా ఈ జబ్బు సోకుతుంది. చాలామందిలో వణుకు కనిపించడానికి ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవుతుంది. హోనొలులులో వేలాది మంది పురుషులను ఏళ్ల తరబడి గమనించి 2001లో ప్రకటించిన పరిశోధనలోనూ ఈ సంబంధం కనిపించింది. అలాగని మలబద్ధకం ఉన్న ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని భయపడనవసరం లేదు. రోగి తిండి తప్పువల్లనో, సోమరితనంవల్లనో ఇది వచ్చిందని నిందించకూడదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

నీళ్లు మానడం మందు కాదు

మన పెద్దలు చేసే మొదటి పొరపాటు నీళ్లు మానేయడం. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి ఇస్తుంది, మలం గట్టిపడుతుంది. నిలబడితే కళ్లు తిరుగుతాయి. గుండె, మూత్రపిండాల జబ్బువల్ల డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల దాకా తాగాలి. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. అందులో ఎక్కువ భాగం పొద్దున, మధ్యాహ్నం తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించుకోవాలి. చాయ్, కాఫీ మూత్రాన్ని తొందరపెడతాయి. సాయంత్రం వాటిని మానితే మంచిది.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడెప్పుడు మూత్రానికి వెళ్లారు, ఎప్పుడు బట్టలు తడిశాయి అన్నవి అందులో ఉండాలి. నోటితో చెప్పలేని సిగ్గును ఆ కాగితం తీరుస్తుంది. దానిని బట్టి, తొందర పుట్టకముందే రెండు మూడు గంటలకొకసారి వెళ్లే అలవాటు చేసుకోవచ్చు. మనకు నమాజు వేళలు ఉండనే ఉన్నాయి. ప్రతి అజాన్‌కు కాస్త ముందు వెళ్లడం అలవాటైతే సగం బాధ తగ్గుతుంది.

మగవారు కూడా కూర్చునే మూత్రం పోయాలి. ఇది మనకు సున్నత్, ఈ రోగులకు క్షేమం కూడా. నిలబడితే తూలి పడే ప్రమాదం ఉంది. అయిపోయిందనిపించాక వెంటనే లేవకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. లోపల మిగిలినది వచ్చేస్తుంది. ఇస్తిబ్రా అని మనం చదువుకున్నది ఇదే. వైద్యులూ ఇదే మాట చెబుతారు.

రాత్రివేళ మంచం పక్కనే మూత్రం సీసా గాని, కుర్చీ కమోడ్ గాని ఉంచాలి. దారిలో చిన్న దీపం వెలుగుతుండాలి. నాడా పైజామాకు బదులు లుంగీ గాని, ఎలాస్టిక్ ఉన్నది గాని కట్టుకోవాలి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. ఈ జబ్బులో నిలబడగానే రక్తపోటు పడిపోవచ్చు. కాసేపు కూర్చుని ఆ తర్వాత లేవాలి. సాయంత్రానికి పాదాలు వాచేవారు మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకుంటే రాత్రి మూత్రం కొంత తగ్గుతుంది.

పెద్ద వయసు మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి వాపు కూడా ఉండవచ్చు. లక్షణాలు ఒకేలా ఉంటాయి. మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. పార్కిన్సన్ ఉన్న సంగతి ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ అంటే ముందుగా నరాల డాక్టరు సలహా కూడా తీసుకోవాలి. ప్రొస్టేట్‌కు ఇచ్చే కొన్ని మాత్రలతో రక్తపోటు ఇంకా పడిపోవచ్చు.

పేగులు కదలకపోతే మాత్ర కదలదు

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. అది పొట్టలో కాదు, పొట్ట దాటి చిన్నపేగులోకి చేరాక ఒంటికి పడుతుంది. పొట్ట మందగించి, పేగులు బిగుసుకుపోతే మాత్ర ఆలస్యంగా చేరుతుంది. ‘మాత్ర పనిచేయడం లేదు’ అని మోతాదు పెంచే ముందు, మలవిసర్జన ఎలా ఉందో చూసుకోవడం మంచిది. మాత్రను భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే మేలని చాలామందికి చెబుతారు. మాంసం, పప్పు, పాలు వంటి వాటిలోని మాంసకృత్తులు ఆ మందుకు అడ్డుపడవచ్చు.

మలబద్ధకానికి మొదటి మందు నీళ్లు, పీచు, నడక. జామపండు, బొప్పాయి, ఆకుకూరలు, నానబెట్టిన అంజీర్, ఖర్జూరం వాడవచ్చు. ఖర్జూరం విషయంలో షుగరు ఉన్నవారు జాగ్రత్తపడాలి. ఇసబ్‌గోల్ మంచిదే. కాని పెద్ద గ్లాసు నీళ్లతో తాగాలి, లేకపోతే అదే అడ్డుపడుతుంది. మింగడం కష్టమైనవారు డాక్టరును అడగకుండా దానిని వాడకూడదు. నాష్తా అయిన పావుగంట అరగంటలో పేగులు సహజంగా కదులుతాయి. రోజూ ఆ వేళకే వెళ్లి కూర్చోవాలి. నేలమట్టపు మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవలేరు కాబట్టి కుర్చీ కమోడ్ వాడి, కాళ్ల కింద చిన్న పీట వేసుకోవాలి. మోకాళ్లు నడుముకంటే పైకి ఉంటే మలం సులువుగా వస్తుంది. పట్టుకుని లేవడానికి గోడకు ఇనుప కడ్డీ బిగించాలి. ఇవన్నీ చాలకపోతే మాక్రోగాల్ పొడి, లాక్టులోజ్ వంటి మందులు డాక్టర్లు ఇస్తారు. వాటిని వాడడంలో తప్పు లేదు.

ఒక విషయం చాలామంది ఇంటివారిని మోసం చేస్తుంది. రోజుల తరబడి విరేచనం లేని రోగికి ఉన్నట్టుండి నీళ్లలా కారుతుంది. విరేచనాలు పట్టుకున్నాయని ఆపే మాత్ర వేస్తారు. నిజానికి లోపల గట్టిపడిన మలం అడ్డుగా ఉంటే దాని పక్క నుంచి పలచనిది కారుతూ ఉండవచ్చు. ఆపే మాత్ర వేస్తే అడ్డు ఇంకా బిగుస్తుంది. ముందు డాక్టరుకు చూపించాలి. పొట్ట ఉబ్బి వాంతులు వచ్చినా, అపానవాయువు కూడా పోకున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, మలంలోనో మూత్రంలోనో రక్తం పడినా, జ్వరంతో మనిషి తికమకపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అయితే లెవోడోపాతో మూత్రం, చెమట ముదురు రంగుకు మారవచ్చు. ఎంటకాపోన్ అనే మాత్రతో మూత్రం నారింజ రంగులో రావచ్చు. అది రక్తం కాదు. అయినా అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోవాలి.

మందుల దుకాణంలో జాగ్రత్త

వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ పెద్ద వయసువారిలో మలబద్ధకాన్ని, మతిమరుపును, మూత్రం బిగుసుకుపోవడాన్ని పెంచవచ్చు. మూత్రం ఆపుకోవడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా అలాంటిదే. మిరాబెగ్రాన్ వంటి వేరే జాతి మందులున్నాయి. ఏది తగినదో డాక్టరును అడగాలి. వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ ఈ రోగులకు పనికిరావు, జబ్బును పెంచుతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘పార్కిన్సన్ ఉంది’ అన్న మాట ముందు చెప్పాలి. దూలగొండి గింజలలో లెవోడోపా సహజంగానే ఉంటుంది. అందుకే దానిని పొడి చేసి మాత్రలతో కలిపి సొంతంగా వేసుకోకూడదు. మోతాదు మించుతుంది. అలాగే మాత్రలను ఉన్నట్టుండి ఆపకూడదు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ధర్మంలో ఇరుకు లేదు

ఇక ఆ పెద్దాయనను మసీదుకు దూరం చేసిన ప్రశ్నకు వద్దాం. ఒక ఫర్జ్ నమాజు వేళ మొత్తంలో, వుజూ చేసి ఆ ఫర్జ్ చదువుకునేంత సేపు కూడా చుక్క పడకుండా దొరకని మనిషిని హనఫీ ఫిఖ్హ్‌లో ‘మాజూర్’ అంటారు. ఆ తర్వాతి వేళలలో ఒక్కొక్కసారైనా ఆ బాధ కనిపిస్తున్నంత కాలం అతడు మాజూరే. ఒక పూర్తి వేళ చుక్క పడకుండా గడిస్తే ఆ సౌలభ్యం తొలగిపోతుంది. మాజూర్ ప్రతి నమాజు వేళకూ ఒకసారి వుజూ చేస్తే చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ చుక్కవల్ల వుజూ పోదు. ఫర్జ్, సున్నత్, నఫిల్, ఖుర్ఆన్ పారాయణం అన్నీ ఆ వుజూతోనే చేసుకోవచ్చు. వేళ దాటితే కొత్త వుజూ చేయాలి. వుజూను భంగపరిచే వేరే కారణం ఏర్పడితే మాత్రం మళ్లీ చేయాలి. బట్ట కడిగినా నమాజు ముగిసేలోపే మళ్లీ తడుస్తుందంటే దానిని మార్చనవసరం లేదు. ఎప్పుడో ఒకసారి చుక్క పడేవారు మాజూర్‌లు కారు. వారు మూత్రానికి వెళ్లి, కాసేపు ఆగి, శుభ్రపరచుకుని నమాజు చదవాలి. పడిందో లేదో అన్న అనుమానం మాత్రమే అయితే అది వస్‌వసా, దానిని పట్టించుకోకూడదు. ప్యాడ్ కట్టుకుని మసీదుకు రావచ్చు. చాప తడవదు, మనసు నిలుస్తుంది. షాఫయీ మార్గంలోని వివరాలు కొంత వేరు. తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఇవి అడగడానికి సిగ్గుపడేవారు సహాబాల జీవితాలను చూడాలి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ, తాను నమాజు ఎలా చదవాలని దైవప్రవక్త (స)ను అడిగారు. నిలబడి, వీలుకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చదవమని ఆయనకు మార్గం దొరికింది. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఆగని రక్తస్రావం గురించి అడిగారు. మాజూర్ మసలాకు ఫఖీహులు ఆధారం చేసుకున్న వాటిలో అది ముఖ్యమైనది. ఖుర్ఆన్ లేఖకులైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు వృద్ధాప్యంలో మూత్రం నిలవకపోయేదని, చేయగలిగినంత వైద్యం చేసుకుని, మించిపోయినప్పుడు ఆ స్థితిలోనే నమాజు చదివేవారని ఉల్లేఖనాలున్నాయి. అంతటి మహనీయునికి లేని నామోషీ మనకెందుకు?

రంజాన్ విషయం కూడా చెప్పాలి. మాత్రలు వేళకు పడాలి, నీళ్లు లోపలికి పోవాలి. రోజా ఉండవచ్చునో లేదో డాక్టరును అడగండి. ఉండలేని రోగికి మినహాయింపు ఉంది. తగ్గే ఆశ లేని జబ్బయితే ఒక్కో రోజాకు ఒక పేదవానికి రెండు పూటల భోజనం ఫిద్యాగా ఇవ్వాలి. ఇచ్చిన మినహాయింపును తీసుకోవడం ఈమాన్ తక్కువై కాదు.

ఇంటివారి వంతు, మసీదు వంతు

ఆడవారు ఈ బాధను మరీ దాచుకుంటారు. అత్తగారు పెళ్లిళ్లకు రానంటే, ప్రయాణం అంటే వెనకడుగు వేస్తే, గదిలోంచి బయటికి రాకపోతే, కోడలో కూతురో ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడగాలి. తడిసిన దుప్పటి చూసి ముఖం చిట్లించకండి. ఆ చిట్లింపు భయానికే వారు నీళ్లు మానేస్తారు. వణికే చేతితో చెంబు పట్టుకుని ఇస్తిన్‌జా చేయడం కష్టం. గొట్టంతో వచ్చే చేతి షవరు పెట్టిస్తే చాలావరకు తమ పని తామే చేసుకోగలరు. తోడు కావలసివస్తే మొదటి హక్కు భార్యది లేదా భర్తది. ఆ వీలు లేనివారు ఎవరి సాయం ఎంతవరకు తీసుకోవచ్చో తమ ఆలిమ్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి. సేవచేసే మనిషికి కూడా విశ్రాంతి కావాలి. ఆ భారమంతా ఒక్క కోడలి మీద వేసి, కొడుకులు పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

మసీదు కమిటీలకు ఒక మనవి. మినార్లకు రంగులు వేయించే ముందు తహారత్‌ఖానాలో ఒక్క కుర్చీ కమోడ్, గోడకు ఒక కడ్డీ, జారని నేల, మంచి దీపం ఏర్పాటు చేయండి. వుజూఖానాలో వీపు ఆనించుకునే ఒక స్టూలు, చివరి సఫ్‌లో తలుపు దగ్గర రెండు కుర్చీలు ఉంచండి. ఖర్చు పెద్దది కాదు. దానివల్ల ఎందరు వృద్ధులు మళ్లీ జమాఅత్‌లోకి వస్తారో చూడండి.

వైద్యం కోసం హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి వంటి చోట్ల నరాల జబ్బుల విభాగాలున్నాయి. అక్కడ వణుకు గురించి ఎంత చెబుతామో మలమూత్రాల గురించీ అంత చెప్పాలి. డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి.

మా పెద్దాయన ఇప్పుడు నీళ్లు తాగుతున్నారు. కోడలు మూడు పెద్ద సీసాలు నింపి వరుసగా పెడుతుంది, మగ్రిబ్‌లోపు మూడూ ఖాళీ కావాలి. మందు మారింది. చుక్క పూర్తిగా ఆగలేదు, జబ్బూ పోలేదు. కాని కిందటి నెలలో ఒక శుక్రవారం ఖుత్బా మొదలయ్యే ముందు చూస్తే, తలుపు దగ్గర కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. నమాజు అయ్యాక దగ్గరికి వెళ్లాం. ‘ఆ మసలా సంగతి ముందే అడిగి ఉంటే ఇన్ని జుమాలు పోయేవి కావు కదా, మౌల్వీ సాబ్’ అన్నారు. ‘మీరు అడగలేదు భాయీ సాబ్, మేమూ అడగలేదు’ అన్నాం.

మీ సఫ్‌లో ఈ మధ్య ఎవరి చోటైనా ఖాళీగా ఉందా? ఈ రోజే వెళ్లి అడగండి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థతను, సేవచేసేవారికి ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.